తాకని మూత



నీటిపంపులో ఇరుసు వెలుపలికి వచ్చుచోట, మెకానిక్కులు గ్లాండు అని పిలుచు తావున, జిడ్డు పట్టించిన అల్లికత్రాటిని చుట్టి బిగింతురని మీ రెఱుగుదురు. ఒక యేడు నా పంపు నీరు కారుచున్నదని నేనే ఆ గ్లాండును గట్టిగా బిగించితిని. నీరు నిలిచినది. కాని కొలది దినములకే త్రాడు మాడి, ఇరుసుపై గాడి పడినది. వదులైనచో కారును, బిగువైనచో అరుగును. ఈ చిక్కును యంత్రశాస్త్రజ్ఞు లెట్లు విడదీసిరో నేడు మనవి చేసెదను.

సహజవాయువును గొట్టములగుండ దూరమునకు పంపు కంప్రెసరులలో ఇరుసు నిమిషమునకు వేలమారులు తిరుగును. అచట త్రాడు నిలువదు. పూర్వము ఒత్తిడితో నూనె నింపి వాయువు నాపెడివారు; ఆ నూనె కొంత వాయువులో కలిసెడిది. 1970 తరువాతి దశాబ్దములలో మఱియొక పద్ధతి వ్యాపించినది. ఇరుసుతో తిరుగు ఉంగర మొకటి. దాని కెదురుగ, తిరుగక, వెనుకనుండి స్ప్రింగులచే నెట్టబడు ఉంగరము వేఱొకటి.

తిరుగు ఉంగరపు ముఖముపై వెలుపలి యంచునుండి లోనికి వంపుగా గాడులు చెక్కుదురు. వాని లోతు తలవెండ్రుక మందములో సుమారు పదియవ వంతు. ఆ గాడులు లోపలి యంచువఱకు పోక నడుమనే యాగును. ఆపై నున్నని కట్ట యుండును. ఇరుసు తిరుగగా గాడులు వాయువును లోనికి తోయును. కాలువనీరు కట్టకడ మట్టము పెరిగినట్లు, వాయువు ఆ కట్టకడ చిక్కి పీడనము హెచ్చును. ఆ పీడనమే ఉంగరములను 3 మొదలు 5 మైక్రానుల మేర విడదీయును. మైక్రాను అనగా మిల్లీమీటరులో వేయవ వంతు.

సందు తగ్గెనా, పీడనము హెచ్చి ఉంగరములను దూరము చేయును. సందు పెరిగెనా, పీడనము తగ్గి, స్ప్రింగులును వెనుకనున్న వాయుబలమును వానిని దగ్గర చేర్చును. కదలు తలముల నడుమ పలుచని పొర బరువు మోయునను సూత్రమును ఆస్బర్న్ రెనాల్డ్సు 1886లోనే గణితముచే నిరూపించెను.

కావున నేర్పంతయు గాడియందే కలదు. లోతు తప్పినచో లేపుబలము చాలదు. వంపుగాడులు ఒకే దిక్కునకు పనిచేయును. ఇరుసు ఎదురు తిరిగినచో వాయువు వెలుపలికి తోయబడి ముఖములు రాసికొనును. అందుచే ఇరుదిక్కులకు సరిపోవు సమానపు గాడులను చెక్కువారును కలరు. కాని వాని లేపుబలము కొంత తక్కువ. ధూళి చేరినను గాడులు పూడును గనుక వాయువును వడగట్టియే పంపుదురు.

వాయువు బొత్తిగా కారదా యందురేమో. కొంచెము కారును. దానిని వేఱొక గొట్టమున సురక్షితస్థలమునకు చేర్తురు. ఆ కొలదిపాటిని విడిచియే ఇరుసును, ఉంగరములను కాపాడుకొందురు.

బొట్టైనను కారరాదను పట్టుదలతో నే నిరుసునే పోగొట్టుకొంటిని. త్రాటికట్టు గల మీ పంపునుండి చుక్క చుక్కగా నీరు రాలినచో బిగింప తొందరపడకుడు. ఆ చుక్కలే త్రాటిని చల్లబఱచి ఇరుసును కాచుచున్నవి.