మండలం జిల్లా మారితే కంప్యూటర్‌లో మారవలసినవి: సాఫ్ట్‌వేర్ అమరికల దోషాలు, సవరణ

2022 ఏప్రిల్ 4న రాష్ట్రంలోని 13 జిల్లాలను 26 జిల్లాలుగా పునర్వ్యవస్థీకరించడం జరిగింది. శ్రీకాకుళం జిల్లాలోని పాలకొండ, సీతంపేట, భామిని, వీరఘట్టం మండలాలు నూతన పార్వతీపురం మన్యం జిల్లాలో చేరగా, రాజాం మండలం విజయనగరం జిల్లాలో కలిసింది. ఊళ్లు ఎక్కడివక్కడే ఉన్నాయి. కార్యాలయాల బోర్డులు మారాయి. వాటితోపాటు కంప్యూటర్లలోని జిల్లా, మండల కోడ్‌లు కూడా మారవలసి ఉంటుంది.

ప్రభుత్వ పథకాల సాఫ్ట్‌వేర్‌ను సాధారణంగా ప్రతి జిల్లాకూ విడిగా రాయరు. ప్రోగ్రామ్ ఒక్కటే. జిల్లా కోడ్, కూలి రేటు, అమలు తేదీ మున్నగు విలువలను వెలుపలి నుండి అందజేస్తారు. వీటినే కాన్ఫిగరేషన్, అనగా అమరికలు అంటారు. ఉపాధి హామీ పథకం విజయనగరం జిల్లాలో 2006లో తొలి విడతగా, శ్రీకాకుళం జిల్లాలో 2007లో రెండవ విడతగా ప్రారంభమైంది. ఇట్టి వ్యత్యాసాన్ని ఒక తేదీ మార్పుతో సర్దవచ్చు. సౌలభ్యం అక్కడే, చిక్కూ అక్కడే.

ఉదాహరణకు, లబ్ధిదారుల పట్టికలో రాజాం విజయనగరం కింద, చెల్లింపుల పట్టికలో శ్రీకాకుళం కింద ఉన్నదనుకుందాం. ప్రోగ్రామ్ ఆగదు, తప్పు జరిగినదనీ చెప్పదు. రెండు పట్టికలూ పొసగనందున అర్హురాలైన వృద్ధురాలి పేరు జాబితాలోనే రాదు. కారణమడిగితే ‘ఆన్‌లైన్‌లో చూపడం లేదమ్మా’ అన్న సమాధానమే ఆమెకు దక్కుతుంది.

ఇవి ముందుగా పట్టుబడకపోవడానికి కారణం లెక్కలోనే ఉంది. అవును, కాదు అనే అమరికలు పది ఉంటే 1,024 కలయికలు ఏర్పడతాయి. ఇరవై ఉంటే పది లక్షలు దాటుతాయి. అన్నింటినీ పరీక్షించడం అసాధ్యం. అయితే పెక్కు దోషాలు ఒకటి రెండు అమరికల వల్లనే తలెత్తుతాయి. కావున ఏ రెండింటి కలయిక అయినా కనీసం ఒక్కసారి పరీక్షకు వచ్చేలా చూస్తే కొద్ది ప్రయత్నాలతోనే అధిక భాగం బయటపడతాయి.

సమస్య తలెత్తిన పిదప, సవ్యంగా పనిచేసిన నాటి అమరికలతో నేటి వాటిని పోల్చాలి. మారినవి 64 ఉంటే, నమూనా ప్రతిలో 32 మాత్రమే పూర్వస్థితికి తెచ్చి చూడాలి. సమస్య తొలగితే దోషం ఆ సగంలో ఉన్నట్లు. లేకుంటే రెండవ సగంలో. కారణం ఒక్కటే అయితే ఆరు ప్రయత్నాలలో తేలుతుంది.

జాబితాలో ఆ ఒక్క పేరును చేర్చి ఊరుకోవడం సవరణ కానేరదు. మండలంలోని మిగిలినవారు అలాగే ఉండిపోతారు. కోడ్‌లు ఒకే మూలపట్టిక నుండి అన్ని విభాగాలకూ అందాలి. కేంద్ర పంచాయతీరాజ్ మంత్రిత్వ శాఖ నిర్వహిస్తున్న లోకల్ గవర్నమెంట్ డైరెక్టరీ ఉద్దేశం ఇదే. ప్రతి మార్పునూ ఎవరు, ఎప్పుడు చేశారో నమోదు చేసి, ముందుగా ఒక్క మండలంలో అమలుపరచి, లబ్ధిదారుల సంఖ్యను పాత జాబితాతో సరిపోల్చిన మీదటనే తక్కిన మండలాలకు విస్తరింపజేయాలి.