ముక్కలోని ఎర్రని రసం రక్తమేనా?

బక్రీద్ నాడు సికింద్రాబాద్‌లోని మన ఇళ్లలో పత్థర్ కా గోష్త్ కాలుస్తున్నప్పుడు ఓ సందేహం తలెత్తుతుంది. ముక్క కోస్తే కారే ఎర్రని రసం రక్తమేనా? తినవచ్చునా?

దివ్య ఖుర్ఆన్ అన్ఆమ్ సూరా 145వ ఆయత్ నిషేధించింది ప్రవహించే రక్తాన్ని. జబహ్ చేసినప్పుడు అది బయటికి పోతుంది. కండలో మిగిలే ఎర్రదనం చాలావరకు మయోగ్లోబిన్ అనే మాంసకృత్తు కలిసిన నీరే. దానిలో దోషం లేదని ధర్మవేత్తలు చెప్పారు.

అలాగని పచ్చిగా దించరాదు. ఖుర్బానీ మాంసం మొదట బిగుసుకుంటుంది కనుక కొన్ని గంటలు ఫ్రిజ్‌లో ఉంచాలి. ఎముకలేని ముక్కలను పలుచగా కోసి పచ్చి బొప్పాయి ముద్ద, అల్లం వెల్లుల్లి, మిరియాలు పట్టించాలి. బొప్పాయి ఎక్కువసేపు ఉంటే ముక్క పిండిలా చెదురుతుంది. బొగ్గులపై రాతిపలక బాగా కాగాలి. ముక్క రాతిని తనంతట వదిలాకే తిప్పాలి.

మందపాటి ముక్కయితే లోపల 63 డిగ్రీల సెల్సియస్‌కు చేరాక దించి, 3 నిమిషాలు ఆగి కోయాలి. ఖీమాకు 71 డిగ్రీలు కావాలి. పైనున్న క్రిములు కొట్టినప్పుడు లోపలికి చేరతాయి మరి. గర్భిణులకు, పసిపిల్లలకు, వృద్ధులకు ఎర్రదనం లేకుండా కాల్చిందే పెట్టాలి.

ఆహారం హలాల్ అయితే చాలదు, తయ్యిబ్ కూడా కావాలన్నది మన ధర్మం.