హోరు వేరు, బాధ వేరు

చెవిలో హోరుకు మందు ఇమ్మని వెళ్లినవారిని సైకాలజిస్టు దగ్గరికి పంపితే ముందు వచ్చేది కోపం. రోగం చెవిలో ఉంటే వైద్యం మనసుకా? ఆ కోపంలో న్యాయం ఉంది. "ఏమీ లేదు, పట్టించుకోకండి" అన్న మాట వినీ వినీ విసిగిపోయిన మనిషికి సైకాలజిస్టుకు రాసిన ఆ చీటీ చూడగానే తన బాధ అబద్ధమని ముద్ర వేసినట్టు అనిపిస్తుంది. అయినా ఇన్నేళ్ల పరిశోధనలో పోగైన సాక్ష్యాన్ని పక్షపాతం లేకుండా చూస్తే, టిన్నిటస్, అంటే చెవిలో హోరు, పెట్టే బాధను తగ్గించడంలో పరీక్షకు బాగా నిలబడింది మాత్రా కాదు, ఆపరేషనూ కాదు. కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ, పొట్టిగా సీబీటీ అని పిలిచే మానసిక చికిత్స. హోరు నిజమైనదే. చికిత్స మనసుకే. ఈ రెండింటికీ పొత్తు ఎలా కుదిరిందో తెలియాలంటే ఆ హోరు ఎక్కడ పుడుతుందో ముందు చూడాలి.

అమెరికాలో మోరిస్ హెల్లర్, మో బెర్గ్‌మన్ అనే ఇద్దరు 1953లో ఒక ప్రయోగం ఫలితాలు ప్రచురించారు. వినికిడి బాగానే ఉన్న 80 మందిని బయటి చప్పుడు ఏదీ చొరబడని గదిలో కొద్ది నిమిషాలు కూర్చోబెట్టి, ఏం వినపడిందని అడిగారు. 94 శాతం మంది ఏదో ఒక శబ్దం విన్నామన్నారు. కొందరికి ఈల, కొందరికి గుయ్యిమనే మోత. ఇంకా కచ్చితమైన ప్రయోగం 2012లో వచ్చింది. ఆరోగ్యంగా ఉన్న 18 మంది వారం రోజులపాటు ఒక చెవికి ప్లగ్ పెట్టుకుని తిరిగారు. వారిలో 14 మందికి లేని శబ్దాలు వినపడటం మొదలైంది, ప్లగ్ తీసేశాక పోయింది. చెవి నుంచి వచ్చే సంకేతం తగ్గితే మెదడులోని శ్రవణ వ్యవస్థ ఆ లోటు పూడ్చుకోవడానికి తన సున్నితత్వాన్ని పెంచుకుంటుందనీ, అప్పుడు నాడీకణాల్లో ఎప్పుడూ ఉండే అలికిడే శబ్దంగా పైకి తేలుతుందనీ ఎక్కువమంది శాస్త్రవేత్తల అభిప్రాయం. వయసుతోనో, కార్ఖానా మోతతోనో, ఇయర్‌ఫోన్లతోనో వినికిడి తగ్గినవారిలో టిన్నిటస్ ఎక్కువ కనిపించడానికి ఇదొక కారణం. శ్రవణనాడిని కోసేసిన ఆపరేషన్ల తరవాత కూడా చాలామందిలో హోరు ఆగకపోవడానికి కారణం కూడా ఇదే కావచ్చు. హోరు భరించలేక చెవుల్లో దూది కుక్కుకునేవారు ఆ ప్లగ్ ప్రయోగాన్ని గుర్తుపెట్టుకోవాలి. నిశ్శబ్దం ఎంత పెరిగితే హోరు అంత బయటపడుతుంది.

శబ్దం ఇంత సర్వసాధారణమైతే అందరూ బాధపడాలి కదా? అలా జరగడం లేదు. ప్రపంచ దేశాల సర్వేలను కలిపి 2022లో వేసిన లెక్క ప్రకారం పెద్దవాళ్లలో దాదాపు 14 శాతం మందికి టిన్నిటస్ ఉంది, అది తీవ్రంగా వేధించేది రెండు శాతానికి కాస్త పైన. మిగతావారి హోరు చిన్నదని అనుకోవడం తేలిక. కానీ రోగి వినే హోరును బయటి స్వరంతో సరిపోల్చి కొలిస్తే, అది చాలామందిలో వారు వినగలిగే కనిష్ఠ స్థాయికి కొద్ది డెసిబెళ్లు మాత్రమే పైన ఉంటుంది. ఆ కొలతకూ రోగి పడే బాధకూ పొంతన అంతంత మాత్రమే. అంటే ఒకే కొలత వచ్చిన ఇద్దరిలో ఒకరు హాయిగా నిద్రపోతూ ఉండొచ్చు, రెండోవారు ఉద్యోగం మానేసే స్థితిలో ఉండొచ్చు. ఈ తేడాకు బ్రిటన్‌లో రిచర్డ్ హాలమ్ బృందం 1984లో ఒక వివరణ ఇచ్చింది. అర్థం లేని శబ్దానికి మెదడు మామూలుగా అలవాటు పడిపోతుంది. రాత్రంతా తిరిగే ఫ్యాను చప్పుడు మనకు వినపడదు. ఆ అలవాటు పడటానికి ఏదో అడ్డు తగిలినప్పుడే హోరు జబ్బుగా మారుతుంది. ఆ అడ్డు భయమని 1990లో యాస్ట్రెబాఫ్ అనే శాస్త్రవేత్త నమూనా ఇంకాస్త ముందుకు వెళ్లి చెప్పింది. శబ్దాన్ని ప్రమాద సూచనగా మెదడు నమోదు చేసుకుంటే గుండె దడ, కండరాల బిగువు, నిద్రలేమి దాని వెంటే వస్తాయి. శరీరం అలా కంగారు పడేకొద్దీ ధ్యాస మళ్లీ హోరు మీదికే పోతుంది. సీబీటీ చేయి పెట్టేది ఈ చక్రంలోనే.

చికిత్స గదిలో జరిగే పని వింటే చప్పగా ఉంటుంది. రాత్రి పదకొండింటికి పడక మీద హోరు హెచ్చిందనుకుందాం. ఆ క్షణంలో వచ్చిన ఆలోచనను రోగి నోటు పుస్తకంలో ఉన్నదున్నట్టు రాస్తారు: "ఇక ఈ రాత్రి కన్ను మూతపడదు, రేపు ఆఫీసులో పని చెడుతుంది, నా బతుకింతే." పక్కన ఆందోళన ఎంతో వందకు మార్కులు. తరవాత గత రెండు వారాల నిద్ర లెక్క ముందేసుకుని, హోరు ఎక్కువున్న రాత్రుల్లో నిజంగా ఎన్ని గంటలు నిద్ర పట్టిందో థెరపిస్టుతో కలిసి చూస్తారు. ఆలోచన అంత గట్టిదేం కాదని సాధారణంగా అక్కడే తేలుతుంది. ఇంకో సాధనలో కళ్లు మూసుకుని ధ్యాసను అరికాళ్ల మీదికి, అక్కడి నుంచి ఫ్యాను గాలి మీదికి, ఆ తరవాత కావాలనే హోరు మీదికి, మళ్లీ వీధిలోని చప్పుళ్ల మీదికి తిప్పుతారు. ధ్యాస మన చెప్పుచేతల్లోకి కొంతైనా వస్తుందని అనుభవంలో తెలుస్తుంది. లేచీ లేవగానే "ఉందా, పోయిందా" అని చెవి ఒగ్గి చూసుకోవడం, మోతకు జడిసి పెళ్లిళ్లకు ముఖం చాటేయడం లాంటి అలవాట్లను మెల్లగా మాన్పిస్తారు. హోరును తలచుకోకూడదని మాత్రం ఎవరూ చెప్పరు. కోతిని తలచుకోకుండా మందు తాగమంటే ఏమవుతుందో మన పెద్దలకు ఎప్పుడో తెలుసు. వద్దన్న ఆలోచనే ఎగబడి వస్తుందని మనస్తత్వవేత్త డేనియల్ వెగ్నర్ 1987లో, తెల్ల ఎలుగుబంటిని తలచుకోవద్దని చెప్పి చేసిన ప్రయోగంతో చూపించాడు.

ఇదంతా చేతులెత్తేయడానికి పెట్టుకున్న మర్యాదైన పేరని ఎవరైనా అనొచ్చు. నెదర్లాండ్స్‌లో 492 మందితో జరిపి 2012లో లాన్సెట్ వైద్యపత్రికలో ప్రచురించిన పరీక్ష ఆ మాటకు జవాబు. సీబీటీని వెన్నెముకగా చేసుకుని అంచెలంచెలుగా ఇచ్చిన చికిత్స పొందినవారి జీవన నాణ్యత, మామూలు వైద్యం పొందినవారి కంటే 12 నెలల తరవాత మెరుగ్గా ఉంది, హోరు పెట్టే ఇబ్బందీ తగ్గింది. 28 అధ్యయనాలను, 2,733 మంది రోగులను కలిపి చూసిన 2020 నాటి కాక్రేన్ సమీక్ష కూడా అటే మొగ్గింది. అయితే ఉన్నమాట చెప్పుకోవాలి. ఆ సమీక్ష సాక్ష్యం బలాన్ని కొన్నిచోట్ల మధ్యస్థమనీ, కొన్నిచోట్ల తక్కువనీ అంది. దీర్ఘకాలిక ఫలితాల లెక్కలు పలచగా ఉన్నాయంది. పైగా హోరు తీవ్రత సీబీటీతో పెద్దగా మారదని 2010 నాటి కాక్రేన్ సమీక్షలోనే తేలింది. నా దృష్టిలో ఈ చివరిది చికిత్సకు మచ్చ కాదు. శబ్దం మారకుండానే బాధ తగ్గిందంటే, ఆ రెండూ వేర్వేరన్న వాదనకు అంతకంటే గట్టి రుజువు అక్కర్లేదు.

వినికిడి లోపానికీ ఇదే తర్కం వర్తిస్తుంది కానీ పూర్తిగా కాదు, ఎందుకంటే అక్కడ నిజంగానే కొంత సమాచారం పోతుంది. సాధారణంగా ముందు దెబ్బతినేది పై స్థాయి పౌనఃపున్యాలు. అచ్చులు వినపడతాయి, ప, త, క, స లాంటి హల్లులు జారిపోతాయి. పాలో కాలో తేలదు. "వినపడుతోంది కానీ అర్థం కావట్లేదు" అని పెద్దవాళ్లు అనేది అందుకే. ఆ ఖాళీలను ఊహతో పూరించే పని రోజంతా చేసి చేసి సాయంత్రానికి అలసిపోతారు. అలసిన మనిషి తల ఊపి సరిపెట్టుకుంటాడు, కొన్నాళ్లకు నలుగురిలో కూర్చోవడమే మానేస్తాడు. చెవిటితనం మీద మనకున్న జోకులు అలా దూరం జరగడాన్ని ఇంకా తొందర చేస్తాయి. చెవి మిషన్ కొనడంతో పని అయిపోదు. కొత్త శబ్దాలకు మెదడు అలవాటు పడటానికి వారాలు పడుతుంది, ఈలోగా మిషన్ బీరువాలోకి చేరిపోతుంది. ముందు ఇంట్లో, తరవాత ఒకరితో మాటల్లో, ఆ పైన గుంపులో వాడేలా మెట్లు కట్టుకోవాలి. "నాకు ఎడమ చెవి సరిగా వినపడదు, ఇటు కూర్చోండి" అని ముందే చెప్పే తెగువ తెచ్చుకోవాలి. ఇంట్లోవాళ్లు అరవకుండా, టీవీ కట్టేసి, ముఖం కనపడేలా కూర్చుని, అర్థం కాని వాక్యాన్ని వేరే మాటల్లో మళ్లీ చెబితే మిషన్ పని సగం తేలికవుతుంది.

ఇదంతా బాగుంది, తెలుగులో ఈ చికిత్స చేసేవారు మన ఊళ్లో ఎక్కడున్నారు? అసలు చిక్కు ఇదే, దీన్ని దాటవేయలేం. ఇంటర్నెట్ ద్వారా నేర్పే సీబీటీ పనికొస్తుందని స్వీడన్‌లో 2002లోనే చూపించారు. బ్రిటన్‌లోని నైస్ సంస్థ 2020 మార్గదర్శకాల్లో దానినే మొదటి మెట్టుగా పెట్టి, టిన్నిటస్‌కు బీటాహిస్టిన్ మాత్ర మాత్రం ఇవ్వొద్దంది. అలాంటి కోర్సును తెలుగులో తయారు చేయడం మన విశ్వవిద్యాలయాల మనస్తత్వశాస్త్ర విభాగాలకు శక్తికి మించిన పనేం కాదు. అప్పటిదాకా పాఠకులు చేయదగినది ఉంది. వినికిడి ఉన్నట్టుండి పడిపోయినా, హోరు ఒక్క చెవిలోనే ఉన్నా, నాడి కొట్టుకున్నట్టు లయగా వినపడినా, తల తిరగడం తోడైనా సైకాలజిస్టు కంటే ముందు ఈఎన్‌టీ డాక్టరును కలవాలి. ఉన్నట్టుండి వినికిడి పోతే ఆ రోజే వెళ్లాలి. అవేవీ లేకపోతే ఆడియాలజిస్టుతో వినికిడి పరీక్ష చేయించుకుని, టిన్నిటస్ సంగతి చెప్పి క్లినికల్ సైకాలజిస్టు సమయం అడగండి. బతుకు మీద విరక్తి కలిగితే ఆలస్యం చేయకుండా 14416కు ఫోన్ చేయండి. అది ప్రభుత్వం నడిపే టెలిమానస్, తెలుగులోనే మాట్లాడతారు.