చిన్న కేసే కదా అనుకునే ముందు

అమెరికాలో చదువుకుంటున్న పిల్లలు ఏదైనా కేసులో చిక్కుకుంటే ఇంటికి ఫోన్ చేసి ముందుగా చెప్పే మాట, “చిన్న కేసే నాన్నా, ఫైన్ కడితే పోతుందట” అని. ఆ మాటతో ఇక్కడి తల్లిదండ్రులు కుదుటపడతారు. జాగ్రత్త పడాల్సింది సరిగ్గా అప్పుడే.

మనకు దేశమంతటికీ ఒకటే న్యాయ సంహిత. అక్కడ ఏ రాష్ట్రం శిక్షాస్మృతి ఆ రాష్ట్రానిదే. పెద్ద నేరం ఫెలనీ, అంతకు తక్కువది మిస్‌డిమీనర్. మిస్‌డిమీనర్‌కు సాధారణంగా ఏడాదికి మించి జైలు ఉండదు. అయితే ఏ తప్పు ఎందులోకి వస్తుందన్నది రాష్ట్రం మారితే మారిపోతుంది. వర్జీనియాలో గంటకు 85 మైళ్లు దాటి కారు నడిపితే 12 నెలల దాకా జైలు, 2,500 డాలర్ల దాకా జరిమానా పడగల నేరం.

మనవాళ్లు బాగా స్థిరపడిన టెక్సస్‌నే తీసుకుందాం. అక్కడ మిస్‌డిమీనర్లు మూడు తరగతులు. ‘సి’కి 500 డాలర్ల వరకు జరిమానాయే, జైలు లేదు. ‘బి’కి 180 రోజుల దాకా, ‘ఏ’కి ఏడాది దాకా జైలు పడవచ్చు. దుకాణంలో దొంగతనమైతే వస్తువు ధరే తరగతిని తేలుస్తుంది: 100 డాలర్లలోపు ‘సి’, 750లోపు ‘బి’, 2,500లోపు ‘ఏ’, అది దాటితే ఫెలనీ. సెల్ఫ్ చెకౌట్ దగ్గర కావాలనే రెండు వస్తువులు స్కాన్ చేయకుండా సంచిలో వేసుకుని, పట్టుబడ్డాక “డబ్బు కట్టేస్తాను” అంటే చెల్లదు. మన ఊళ్లోలా పెద్దమనుషులు కూర్చుని రాజీ చేసే వీలుండదు. ఆ కేసు దుకాణానిది కాదు, రాష్ట్రానిది. నడపాలో మానాలో ప్రాసిక్యూటర్ చేతిలో ఉంటుంది.

జరిమానాతో పోయే తప్పుకు అరెస్టు చేయరనుకోవడమూ పొరపాటే. టెక్సస్‌లోని లాగో విస్టాలో సీటు బెల్టు పెట్టుకోలేదని ఒక తల్లికి బేడీలు వేసి స్టేషన్‌కు తీసుకెళ్లారు. ఆ తప్పుకు గరిష్ఠ జరిమానా 50 డాలర్లు. ఆ అరెస్టు రాజ్యాంగ విరుద్ధం కాదని 2001లో అమెరికా సుప్రీంకోర్టు 5-4 తేడాతో తేల్చింది. కఠినమైన తీర్పే, కానీ అమల్లో ఉన్నది అదే.

పోలీసులు అరెస్టు చేస్తే పేరు, చిరునామా, పుట్టిన తేదీ నిజం చెప్పాలి. మిగతా ప్రశ్నలకు “లాయరుతో మాట్లాడాకే” అని ఊరుకోవచ్చు. పెనుగులాడకూడదు, అరెస్టు అక్రమమైనా సరే, టెక్సస్‌లో అది వేరే నేరమవుతుంది. పోలీసుకు డబ్బు ఇవ్వజూపడం 20 ఏళ్ల దాకా జైలు పడగల ఫెలనీ. హక్కులు చదివి వినిపించకపోతే కేసు పోతుందన్నది సినిమాలు కల్పించిన భ్రమ. అదుపులో ఉంచి ప్రశ్నించే ముందు మాత్రమే వాటిని వినిపించాలి. మన కాన్సులేట్‌కు తెలియజేయమని అడిగే హక్కు కూడా ఉంది.

ఇక అసలు చిక్కు. జైలు శిక్ష పడే కేసులో స్తోమత లేనివారికి కోర్టే లాయరును పెడుతుంది. జైలే లేని ‘సి’ తరగతిలో పెట్టాల్సిన పని లేదు. దాంతో కుర్రాడు ఎవరినీ అడక్కుండా జరిమానా కట్టేస్తాడు. అలా కట్టడమంటే వాదించనని ఒప్పుకోవడమే. దోషిగా రికార్డుకెక్కుతాడు. పై తరగతుల్లో ‘డిఫర్డ్ అడ్జుడికేషన్’ అనే దారి ఉంది. నేరం ఒప్పుకుని కొన్నాళ్లు షరతుల ప్రకారం నడుచుకుంటే, దోషిగా ప్రకటించకుండానే రాష్ట్రం కేసు ముగిస్తుంది. కానీ వీసాలు చూసేది ఫెడరల్ చట్టం. అది ఆ ఒప్పుకోలునే పట్టుకుని దోషిగా లెక్కిస్తుంది.

దొంగతనాన్ని ఆ చట్టం సాధారణంగా నైతిక భ్రష్టత్వంగా చూస్తుంది. దేశంలో ప్రవేశించిన 5 ఏళ్లలోపు చేసిన అలాంటి నేరానికి ఏడాది జైలు ‘పడే అవకాశం’ ఉంటే చాలు, ఒక్క రోజు కూడా జైల్లో ఉండకపోయినా దేశం నుంచి పంపించేయవచ్చు. టెక్సస్ ‘ఏ’ తరగతి సరిగ్గా ఆ గీత మీదుంది. ఈ ముప్పు చూసే కాలిఫోర్నియా 2015 నుంచి మిస్‌డిమీనర్ల గరిష్ఠ శిక్షను 364 రోజులకు తగ్గించింది.

నేరం ఒప్పుకుంటే దేశం నుంచి పంపించేసే ముప్పుందేమో లాయరు ముందే చెప్పి తీరాలని సుప్రీంకోర్టు 2010లో తీర్పిచ్చింది. అందుకే తల్లిదండ్రులకు నా మనవి: ఫోన్ వచ్చినప్పుడు జరిమానా ఎంతని అడగకండి. ఇమ్మిగ్రేషన్ లాయరు కాగితాలు చూశారా అని అడగండి. చూసేదాకా దేని మీదా సంతకం పెట్టొద్దని, ఏ జరిమానా కట్టొద్దని చెప్పండి. కేసు కొట్టేసినా కోర్టు ధ్రువీకరించిన తీర్పు నకలు దాచమనండి. వీసా దరఖాస్తులో ‘ఎప్పుడైనా అరెస్టయ్యారా’ అన్న ప్రశ్నకు అప్పుడు కూడా అవుననే రాయాలి.