సముద్రం కోసుకొస్తోంది.. పుంత జాగ్రత్త!

మండపేట వరి రైతుకు సముద్రంతో పనేంటి అనుకోవద్దు. పొలం పుంతను పక్కవాడు ఏటా రెండు చాళ్లు కలుపుకుంటూ పోతే చివరికి బండి ఎక్కడ ఆగిపోతుందో మీకు తెలియంది కాదు. కడలి ఒడ్డునా ఇప్పుడు అదే తగువు. కాకపోతే అక్కడ ఒకవైపు కంచె, రెండోవైపు కెరటం.

ఉప్పాడనే చూడండి. కాకినాడకు ఉత్తరాన ఉన్న ఈ ఊరు ఏళ్ల తరబడి కోతకు గురవుతోంది. ఇళ్లు పోయాయి, బీచ్ రోడ్డు పలుమార్లు తెగింది. రాళ్లు పోశారు, ఇసుక నింపిన జియోట్యూబుల గోడ వేశారు. తుపాన్లు వాటినీ వదల్లేదు. గోదావరి తెచ్చే ఒండ్రు తగ్గడం డెల్టా తీరం మొత్తానికీ దెబ్బే. 1970ల్లో ఏటా సుమారు 15 కోట్ల టన్నులు వచ్చేది, 2000-06 నాటికి 6 కోట్ల లోపుకు పడిపోయిందని ఆంధ్ర విశ్వవిద్యాలయ పరిశోధకుల లెక్క. ఎగువ జలాశయాలు ఒండ్రును ఆపేస్తున్నాయి. పంటకు నీళ్లిచ్చేవీ అవే కదా, వద్దనలేం!

ఒడ్డు కోసుకుపోతున్నప్పుడు ఇసుక మేర కూడా లోపలికి జరగాలి. అక్కడ రొయ్యల చెరువు గట్టో, రిసార్టు గోడో అడ్డుంటే ఇసుక మిగలదు. గోడకు కొట్టిన అల ముందున్న ఇసుకను లాగేస్తుంది, గోడ చివరన పక్కవాడి సరుగుడు తోటను కోస్తుంది. కలిగినవాడు గోడ కట్టుకుంటే నష్టం చిన్న రైతుకన్నమాట. వల లాగేందుకు, పడవ ఎక్కించేందుకు కూడా చోటుండదు.

చట్టం ఈ విషయంలో జనం పక్షానే ఉంది. 1991 ఫిబ్రవరి 19న కేంద్రం ఇచ్చిన తీర ప్రాంత నియంత్రణ నోటిఫికేషన్‌లోనే, రెండు బీచ్ హోటళ్ల మధ్య కనీసం 20 మీటర్ల వెడల్పున దారి వదలాలని ఉంది. సొంత స్థలానికి వేసిన కంచె కూడా జనం ఒడ్డుకు పోయేందుకు అడ్డు కాకూడదు. 2011, 2019లో నోటిఫికేషన్లు మారినా జనం దారి షరతు పోలేదు. జిల్లా స్థాయి కమిటీలో మత్స్యకారులు సహా స్థానిక తీరవాసుల ప్రతినిధులు కనీసం ముగ్గురుండాలి. మీ జిల్లాలో వారెవరో అడిగి తెలుసుకోండి.

తీర గ్రామంలో మీకు చెక్క భూమి ఉంటే ముందు గ్రామ నక్షా, ఎఫ్.ఎం.బి. చూడండి. అందులో పుంత పోరంబోకుగా ఉంటే అది ఎవరి సొత్తూ కాదు, మండల సర్వేయరుతో కొలిపించమని తహసీల్దారుకు అర్జీ పెట్టొచ్చు. రికార్డుల్లో లేని బాటైతే పని కష్టమే. 20 ఏళ్లు అడ్డు లేకుండా, హక్కుగా నడిచిన దారిని 1882 నాటి ఈజ్‌మెంట్ చట్టం గుర్తిస్తుంది గానీ, సాక్ష్యం కావాలి. కంచె పడకముందే ఫొటోలు తీయించండి, పంచాయతీలో తీర్మానం చేయించండి. అర్జీ నకలు మీద ఆఫీసు ముద్ర, తేదీ వేయించుకోవడం మరవొద్దు.