అల్యూమినియం సిలిండర్ హెడ్ నుండి స్పార్క్ ప్లగ్ ఊడిపోవడం: కారణాలు, మరమ్మతు, నివారణ

పెట్రోలు ఇంజన్‌లో స్పార్క్ ప్లగ్ చిన్న భాగమే అయినా, అది సిలిండర్ హెడ్‌లోని మరలను తెంపుకొని బయటకు ఎగిరిపడితే ఇంజన్ పని తక్షణమే నిలిచిపోతుంది. మన ప్రాంతంలో ట్రాక్టర్లు, లారీలు చాలావరకు డీజిల్‌తో నడుస్తాయి కనుక వాటిలో స్పార్క్ ప్లగ్ ఉండదు. అయితే పెట్రోలుతో నడిచే పవర్ వీడర్లు, బ్రష్ కట్టర్లు, పవర్ స్ప్రేయర్లు, చిన్న నీటి పంపులలో ఈ సమస్యకు అవకాశమున్నది. కలుపు తీసే అదనులో యంత్రం ఆగితే రైతుకు కలిగే నష్టం ప్లగ్ ధరతో పోల్చదగినది కాదు. సకాలంలో లోపాన్ని గుర్తిస్తే ఈ నష్టాన్ని పూర్తిగా నివారించవచ్చు. మరలు పోయిన తరువాత కూడా చాలా సందర్భాలలో హెడ్‌ను మార్చవలసిన అవసరం ఉండదు.

ట్రక్కు ఇంజన్ల అనుభవం

ఈ లోపానికి ప్రసిద్ధమైన ఉదాహరణ అమెరికాలోని ఫోర్డ్ ట్రక్కులలో కనిపిస్తుంది. 1997 నమూనా ఎఫ్-150 ట్రక్కులతో వాడుకలోకి వచ్చిన ట్రైటన్ శ్రేణి ఇంజన్లలో, సిలిండరుకు రెండు వాల్వులు గల తొలి అల్యూమినియం హెడ్‌లలో ప్లగ్‌ను పట్టి ఉంచే మర చుట్లు సుమారు నాలుగు మాత్రమే ఉండేవి. కొన్ని వాహనాలలో ప్లగ్ ఊడి, దానిపై అమర్చిన ఇగ్నిషన్ కాయిల్‌ను కూడా విరగగొట్టింది. తరువాతి హెడ్‌లలో చుట్ల సంఖ్యను పెంచారు. మరలు పోయిన హెడ్‌లలో లోహపు ఇన్సర్ట్ అమర్చి వాహనాలను తిరిగి నడపగలిగారు.

ప్లగ్ ఎందుకు ఊడుతుంది?

సాధారణంగా వాడే ప్లగ్ మర వ్యాసం 14 మి.మీ. దాని అడ్డుకోత వైశాల్యం సుమారు 154 చదరపు మి.మీ. దహన సమయంలో సిలిండర్‌లో గరిష్ఠ పీడనం 50 బార్ అనుకుంటే, ప్లగ్‌ను బయటకు నెట్టే బలం సుమారు 770 న్యూటన్లు, అనగా దాదాపు 78 కిలోల బరువుకు సమానం. నిమిషానికి 3,600 చుట్లు తిరిగే నాలుగు స్ట్రోకుల ఇంజన్‌లో ఈ తోపు సెకనుకు 30 సార్లు కలుగుతుంది.

సరిగా బిగించిన ప్లగ్ ఈ బలాన్ని కదలకుండా తట్టుకుంటుంది. బిగింపు సడలినపుడు మాత్రం ప్రతి దహనంలోనూ ప్లగ్ కొద్దిగా కదిలి, ఉక్కు మర మెత్తని అల్యూమినియం మరపై సుత్తిలా కొడుతుంది. వేడికి అల్యూమినియం ఉక్కు కంటే దాదాపు రెట్టింపు వ్యాకోచిస్తుంది కనుక, ఇంజన్ వేడెక్కి చల్లారిన ప్రతిసారీ బిగింపులో మార్పు వస్తుంది. ఈ విధంగా మరలు క్రమంగా అరిగి, చివరకు ఒక్కసారిగా తెగుతాయి. ప్లగ్‌ను అతిగా బిగించడం, వంకరగా ఎక్కించడం, వేడి ఇంజన్ నుండి బలవంతంగా విప్పడం కూడా మరలను దెబ్బతీస్తాయి.

ముందస్తు లక్షణాలు

ఇంజన్ నడుస్తుండగా ప్లగ్ వద్ద గాలి చిమ్ముతున్నట్లు ‘టప్ టప్’ శబ్దం రావడం, ప్లగ్ చుట్టూ నల్లని మసి పేరుకోవడం, ఇంజన్ మిస్ కొట్టడం, శక్తి తగ్గడం ముఖ్య లక్షణాలు. ఈ దశలో ఇంజన్‌ను ఆపి, చల్లారిన తరువాత ప్లగ్‌ను విప్పి మరలను పరీక్షించాలి. అవి బాగుంటే సరైన బిగింపుతోనే సమస్య తీరుతుంది.

ప్లగ్ ఊడిన తరువాత

ఇంజన్‌ను వెంటనే ఆపాలి. తిరిగి స్టార్ట్ చేయడానికి తాడు లాగరాదు. ఖాళీ రంధ్రం నుండి పెట్రోలు ఆవిరి చిమ్ముతుంది. ప్లగ్ వైరు నుండి వచ్చే నిప్పురవ్వ దానిని అంటించవచ్చు. పెట్రోలు కాక్ మూసి, వైరును రంధ్రానికి దూరంగా ఉంచాలి. ప్లగ్ పింగాణీ గాని, ఎలక్ట్రోడ్ గాని విరిగి ఉంటే ముక్కలు సిలిండర్‌లో పడలేదని నిర్ధారించుకోవాలి.

మరమ్మతు విధానం

1. వీలైన ఇంజన్లలో హెడ్‌ను విప్పి పని చేయడం ఉత్తమం. తిరిగి బిగించేటపుడు కొత్త గాస్కెట్ వాడాలి. హెడ్, సిలిండర్ ఒకే పోతగా ఉన్న రెండు స్ట్రోకుల ఇంజన్లలో సిలిండర్‌ను విప్పడం మేలు.

2. ఇన్సర్ట్‌కు తగిన ట్యాప్‌తో, గ్రీజు పూసి, రంధ్రానికి నిటారుగా కొత్త మర వేయాలి. తరచుగా ట్యాప్‌ను వెనక్కు తిప్పి లోహపు పొట్టును తొలగించాలి.

3. స్ప్రింగ్ వంటి తీగ ఇన్సర్ట్ కంటే గట్టి బుష్ వంటి ఇన్సర్ట్ మన్నికైనది. తీగ ఇన్సర్ట్ ప్లగ్ విప్పేటపుడు దానితోపాటు బయటకు రావచ్చు. ఇన్సర్ట్ దహన గదిలోకి పొడుచుకురాకూడదు. వస్తే ఆ అంచు ఎర్రగా కాలి, ఇంధనం అకాలంలో మండుతుంది.

4. పొట్టును పూర్తిగా శుభ్రపరచి, కొత్త ప్లగ్‌ను బిగించాలి.

మరకు టెఫ్లాన్ టేపు చుట్టడం, ఎంసీల్ పూయడం సరికాదు. ప్లగ్ తన వేడిని హెడ్‌కు అందించేదీ, విద్యుత్ వలయం పూర్తయ్యేదీ ప్లగ్, హెడ్ లోహాలు గట్టిగా తాకి ఉండడం వల్లనే. పైగా ఈ పదార్థాలు దహన పీడనాన్ని తట్టుకోలేవు.

నివారణ

ప్లగ్ మర పొడవు తయారీదారు సూచించినదే ఉండాలి. 19 మి.మీ. పొడవు గల ప్లగ్‌కు సుమారు 15 చుట్ల పట్టు ఉంటే, దాని స్థానంలో 12.7 మి.మీ. ప్లగ్ వాడితే పట్టు 10 చుట్లకు తగ్గుతుంది. పొట్టి ప్లగ్ స్థానంలో పొడవైనది వాడితే పిస్టన్‌కు తగిలే ప్రమాదమున్నది.

చల్లని ఇంజన్‌లో ప్లగ్‌ను మొదట చేతితోనే చివరి వరకు ఎక్కించాలి. గాస్కెట్ ఉన్న 14 మి.మీ. ప్లగ్‌కు అల్యూమినియం హెడ్‌లో సాధారణంగా 25-30 న్యూటన్ మీటర్ల టార్క్ సరిపోతుంది. టార్క్ రెంచ్ లేనపుడు, కొత్త ప్లగ్ హెడ్‌కు ఆనిన తరువాత స్పానర్‌తో అర చుట్టు తిప్పాలి. పాత ప్లగ్‌కు 1/8 నుండి 1/4 చుట్టు చాలు. కొన్ని బ్రష్ కట్టర్లలో ఉండే 10 మి.మీ. ప్లగ్‌కు 10-12 న్యూటన్ మీటర్లు మించరాదు. మరకు నూనె పూస్తే అదే టార్క్‌కు బిగింపు ఎక్కువవుతుంది కనుక పొడిగానే బిగించాలి.

ముగింపు

యంత్రాల నిర్వహణపై ఇచ్చే శిక్షణలో ప్లగ్‌ను శుభ్రపరచడంతోపాటు, దానిని బిగించే పద్ధతిని, సడలిన ప్లగ్ చేసే శబ్దాన్ని గుర్తించడాన్ని రైతులకు, అద్దె యంత్రాల కేంద్రాల నిర్వాహకులకు ప్రదర్శించి చూపాలి. ఆ శబ్దం విన్న రోజే ఇంజన్‌ను ఆపితే స్పానర్‌తో పోయే పని, వారం ఆలస్యమైతే లేత్ షాపు వరకు వెళ్తుంది.