ఖరీదైన రివాల్వర్ కొంటే పనితనం ఎక్కువా?

గుంటూరు మిర్చి యార్డులో సీజన్ మొదలైతే టిక్కీలతో పాటు డబ్బూ చేతులు మారుతుంది. నగదుతో చిలకలూరిపేట, ఒంగోలు రోడ్ల మీద తిరిగే వ్యాపారుల్లో కొందరికి లైసెన్స్ రివాల్వర్ ఆలోచన వస్తుంది. ఆ వెంటనే ఇంకో ప్రశ్న: ఎక్కువ ధర పెడితే మంచిది దొరుకుతుందా?

ముందు చూడాల్సింది తూటాని. పోలీసులు, సైన్యం వాడే పాయింట్ 38, 9 ఎం.ఎం. బోర్లు మామూలు జనానికి నిషిద్ధం. లైసెన్స్ ఉన్నవాళ్లు ఎక్కువగా కొనేది పాయింట్ 32 బోరు రివాల్వరే. తూటా ఒకటే అయినప్పుడు ధర రెట్టింపైతే దెబ్బ రెట్టింపు కాదు.

మరి అదనపు డబ్బు దేనికి? కాన్పూర్ ఫీల్డ్ గన్ ఫ్యాక్టరీ 2014లో తెచ్చిన ‘నిర్భీక్’నే చూడండి. టైటానియం మిశ్రమ లోహం, బరువు సుమారు 500 గ్రాములు, అప్పటి ధర దాదాపు రూ.1.22 లక్షలు. మహిళల హ్యాండ్‌బ్యాగులో పట్టేలా చేశామన్నారు. తూటా మాత్రం అదే పాయింట్ 32. తేలికైనది మోయడానికి సులువే కానీ, పేల్చినప్పుడు చేతిని ఎక్కువ తన్నుతుంది. బరువైన ఉక్కు రివాల్వర్ ఆ తన్నును కొంత తగ్గిస్తుంది.

పాత విదేశీ రివాల్వర్ల సంగతి వేరు. 1980ల నుంచి ప్రైవేటు దిగుమతులు దాదాపు ఆగిపోయాయి. అందుకే పాత వెబ్లీ, స్మిత్ అండ్ వెసన్ లాంటివి లక్షలు పలుకుతాయి. అందులో నాణ్యత కన్నా కొరతకు కట్టేదే ఎక్కువ. సిలిండర్ వదులైన పాతదాని కన్నా బాగున్న చౌకదే నయం.

ట్రిగ్గర్ నునుపు, భాగాల అమరిక లాంటి తేడాలు ఖరీదైనవాటిలో నిజంగానే ఉంటాయి. కానీ అవి తెలిసేది బాగా సాధన చేసిన చేతికే. సాధన లేనివారికి ఏదైనా ఒకటే.

చట్టం కూడా ధర చూడదు. 2019 సవరణ ప్రకారం ఒకరికి గరిష్ఠంగా రెండు ఆయుధాలే, లైసెన్స్ గడువు ఐదేళ్లు. ఎన్నికలొస్తే పోలీసులు అడిగినప్పుడు స్టేషన్‌లో అప్పగించాలి. బారాత్‌లో సరదాకి గాల్లోకి కాల్చి జనం ప్రాణాల మీదికి తెస్తే రెండేళ్ల వరకు జైలు, లక్ష వరకు జరిమానా, లేదా రెండూ.

పిల్లలున్న ఇంట్లో తాళం వేసిన బీరువా, తూటాలకు వేరే చోటు తప్పనిసరి. తాళంలో ఉన్న రివాల్వర్ దారిదోపిడీకి అడ్డుపడదు, బయట ఉన్నది పిల్లలకు ముప్పు. సరుకు డబ్బు నేరుగా బ్యాంకు ఖాతాలో వేయించుకుంటే దారిలో దోచుకోవడానికి నగదే ఉండదు. దానికి లైసెన్స్ కూడా అక్కర్లేదు.